అత్తమ్మకు మతిమరుపు జబ్బు, కోడలికి నిద్రలేని రాత్రులు

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. అత్తమ్మకు 74 ఏళ్లు, డిమెన్షియా అని డాక్టర్ చెప్పి రెండేళ్లయింది. మీ ఆయన హైదరాబాద్‌లో కారు నడుపుతారు, పదిహేను రోజులకోసారి వస్తారు. బావగారు పుణెలో మేస్త్రీ. ఇంట్లో ఉండేది మీరు, ఇంటర్ చదివే మీ పాప, అత్తమ్మ. ఆమె రాత్రికి నాలుగైదుసార్లు లేస్తుంది. పొద్దంతా అరుగు మీద కూర్చుని "నా పైసలు కోడలే తీసింది" అని వచ్చేపోయేవాళ్లకు చెబుతుంది. పోయిన వారం తెల్లవారుజామున పక్కబట్టలు మారుస్తుంటే మీ జుట్టు పట్టుకుంది, మీరు ఆమె చేతి మీద గట్టిగా కొట్టారు. తర్వాత దొడ్లోకి పోయి ఏడ్చారు. "నేనేనా అక్కా ఇట్ల చేసింది? నేను అసలు మంచిదాన్నేనా?" అని అడిగారు.

మంచీ చెడూ తర్వాత మాట్లాడుకుందాం. మీరు రాసిన దాంట్లో నాకు ముందు కనిపించింది వేరే. రెండేళ్లుగా మీరు ఒక్క రాత్రి కూడా ఏకబిగిన ఆరు గంటలు పడుకోలేదు. అది మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నా లెక్కలో అసలు సంగతి అదే.

నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. ఎక్కువ భాగం నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు సర్కారు దవాఖానల్లోనే. రిటైర్ అయ్యే ముందు రెండేళ్లు, అయ్యాక నాలుగేళ్లు మా అత్తమ్మను ఇదే జబ్బుతో చూసుకున్నాను. వార్డులో అంత అనుభవం ఉంది కదా, ఇంట్లో ఒక్క మనిషిని చూసుకోలేనా అనుకున్నాను. కానీ వార్డులో డ్యూటీ దిగే టైం ఉంటుంది. తర్వాతి షిఫ్టు సిస్టర్ వచ్చి చార్జ్ తీసుకుంటుంది, నేను చెప్పులేసుకుని బస్టాండుకు పోతాను. ఇంట్లో ఆ తర్వాతి సిస్టర్ లేదు.

మూడో ఏడు చలికాలంలో ఒక రాత్రి ఆమె మూడోసారి తలుపు తీసి వాకిట్లోకి పోతుంటే పట్టుకొచ్చి, పాత చీర పేలికతో ఆమె చేతిని మంచం పట్టెకు కట్టేసి పడుకున్నాను. పొద్దున చూస్తే మణికట్టు మీద ఎర్రటి గీత. ఆమెకు ఏమీ గుర్తులేదు. "ఏందే ఇది, గాజు గీసుకపోయిందా?" అని నన్నే అడిగింది. నేను ఆ చేతికి కొబ్బరినూనె రాశాను. రోగుల్ని మంచానికి కట్టేయొద్దని జూనియర్లకు ఎన్నోసార్లు చెప్పిన మనిషిని నేను. ఇన్నేళ్లయినా ఆ గీత నాకు గుర్తుంది. కాబట్టి మీరు చేసింది చిన్నదని చెప్పను, మిమ్మల్ని తిట్టను కూడా. మళ్లీ జరగకుండా ఏం చేయాలో చెబుతాను. "ఓపిక పట్టు" అని మీకు ఊరంతా చెప్పే ఉంటుంది. ఓపిక అనేది నిద్రపోయిన ఒంట్లో పుట్టేది. వరసగా నిద్ర చెడితే ఎవరికైనా కోపాన్ని ఆపుకునే శక్తి తగ్గుతుంది, చిన్న మాటకు ఏడుపొస్తుంది, స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతారు. నాకూ మతిమరుపు వస్తున్నదేమో అని మీరు భయపడ్డారు చూడండి, అది చాలావరకు ఈ నిద్రలేమే.

మీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. బీపీ బిళ్లలు అయిపోయి రెండు నెలలైందని, తెచ్చుకోవడానికి వీలు కాలేదని రాశారు. ఆమె మందులు మాత్రం ఒక్క పూట తప్పలేదు. ఇది నేను ప్రతి ఇంట్లో చూసిందే. చూసుకునేవాళ్లకు నడుం నొప్పి, బీపీ, దిగులు మెల్లగా పేరుకుంటాయి. 1995లో అమెరికాలోని ఒహాయోలో ఒక పరిశోధన చేశారు. డిమెన్షియా ఉన్న బంధువును చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్లకు, అలాంటి బాధ్యత లేని మరో 13 మందికి చేతి మీద ఒకే కొలతలో చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. మామూలు వాళ్లకు సుమారు 39 రోజులు పట్టింది, చూసుకునేవాళ్లకు సుమారు 49. చిన్న పరిశోధనే గానీ, మనసు మీది భారం చర్మం దాకా ఎలా దిగుతుందో దాంతో నాకు తెలిసింది. మా ఇంట్లో నా ముంజేతి మీద నూనె చిట్లిన పుండు నెలన్నర మానలేదు. షుగరేమో అని పరీక్ష చేయించుకున్నాను, షుగర్ లేదు. ఈ వారమే మీ బీపీ చూపించుకోండి. పల్లె దవాఖానకు పోయినా చూస్తారు, దూరం పోనక్కర్లేదు.

ఇక దొంగతనం మాట. ఎక్కువ కోత పెట్టేది ఇదే, నాకు తెలుసు. చంటిపిల్లకు చేసినట్టు చేస్తున్న మనిషే నలుగురిలో దొంగ అంటే గుండె చెరువవుతుంది. ఆమె తలలో జరిగేది ఇది. పైసలు ఎక్కడో దాస్తుంది. దాచిన సంగతి మెదడులో నిలవదు. కొంగుముడి విప్పి చూస్తే ఖాళీ. "నేనే దాచిన, మర్చిపోయిన" అనుకునే శక్తి కూడా జబ్బు తీసుకుపోయింది కాబట్టి మిగిలిన కారణం ఒక్కటే, ఎవరో తీశారు. ఇంట్లో పొద్దస్తమానం ఎదురుగా ఉండేది మీరు. అందుకే నింద మీకే వస్తుంది, ఎక్కడో ఉన్న కొడుకుకు రాదు. "నేను తియ్యలే" అని వాదిస్తే గొడవ పెరుగుతుంది తప్ప ఆమెకు అర్థం కాదు. "అయ్యో, పోయినయా? పా అత్తమ్మా, ఇద్దరం దేవులాడుదాం" అని లేవండి. మా ఇంట్లో జొన్నల డబ్బాలో, దేవుడి పటం వెనక, ఒకసారి తలగడ గలీబు లోపల దొరికాయి. తర్వాత ఒక పని చేశాను. పది రూపాయల నోట్లు ఆరు మార్చుకొచ్చి పాత చేతిరుమాల్లో ముడేసి నా దగ్గర ఉంచుకున్నాను. ఆమె వెతికినప్పుడల్లా అది దొరికేలా పెట్టేదాన్ని. నోట్లు లెక్కపెట్టి, మళ్లీ ముడేసి, బొడ్లో దోపుకుని నిమ్మళంగా కూర్చునేది.

ఊళ్లోవాళ్లకు మాత్రం మీరు నోరు విప్పి చెప్పాలి. ఎదురింటివాళ్లకు, కిరాణా కొట్టాయనకు, ఆశా కార్యకర్తకు. "మా అత్తమ్మకు మెదడు జబ్బు, డాక్టర్ రాసిచ్చిండు, ఆమె మాటలు పట్టించుకోకండి, బయట ఒంటరిగా కనబడితే ఫోన్ చేయండి" అంటే చాలు. గాలి సోకిందనో, ఎవరో బాణామతి చేశారనో అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. పట్నాల కన్నా పల్లెల్లో, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. మీ ఊళ్లో ఇంకో నాలుగిళ్లలో ఉండే ఉంటుంది, "ముసలితనం, చాదస్తం" అని పేరు పెట్టుకుని ఊరుకున్నారు.

మీ ఆడబిడ్డ సంగతి. ఆమె వచ్చినప్పుడు అత్తమ్మ చక్కగా మాట్లాడుతుందని, "మా అమ్మకేమైంది, మంచిగనే ఉన్నది కదా" అని మిమ్మల్నే అనుమానంగా చూస్తుందని రాశారు. ఆడబిడ్డ అబద్ధం చెప్పడం లేదు. ఈ జబ్బున్నవాళ్లు చాలామంది చుట్టం వచ్చిన రెండు గంటలు తమాయించుకుంటారు, నవ్వుతారు, పాత ముచ్చట్లు చెబుతారు. ఆ పాత జ్ఞాపకాలే చివరిదాకా నిలిచేవి. చుట్టం పోయాక ఆ అలసటంతా మీ మీద పడుతుంది. ఆడబిడ్డతో గొడవ పడకండి. "వదినా, మూడు రాత్రులు అమ్మ పక్కన నువ్వు పడుకో" అని పిలవండి. మా ఆడబిడ్డ రెండో రాత్రే నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఏమీ అనలేదు. తెల్లారి నన్ను పడుకోబెట్టి వంట తనే చేసింది. ఆ తర్వాత నెలకు నాలుగు రోజులు రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. బావగారు "వచ్చే నెల నుంచి వంతులు వేసుకుందాం, అమ్మను నెలకొకరం పెట్టుకుందాం" అన్నారని రాశారు, మీకు అది ఆశగా కనిపిస్తోంది. మన దిక్కు ముసలి తల్లిదండ్రుల్ని కొడుకులు నెలనెలా వంతులేసుకోవడం కొత్తేం కాదు. మామూలు పెద్దవాళ్లే ఆ తిరుగుడుకు చిన్నబోతారు. డిమెన్షియా ఉన్న మనిషికైతే అది ఇంకా నష్టం. బాత్‌రూం ఏ పక్కన, తలుపు గొళ్లెం ఎక్కడ, పొద్దున వెలుతురు ఏ కిటికీలోంచి వస్తుంది అనేవి ఆమె ఆలోచించి చేయడం లేదు, ఏళ్ల అలవాటు మీద కాళ్లూ చేతులూ చేస్తున్నాయి. పుణెలో రెండో అంతస్తు గదికి తీసుకుపోతే ఆ అలవాటంతా ఒక్క రోజులో పోతుంది. దారి తప్పడం, పడిపోవడం, పక్క తడపడం పెరుగుతాయి. నెల తిరిగేసరికి ఇంకా చెడి మీ దగ్గరికే వస్తుంది. వంతులు వేసుకోవాలి, తప్పకుండా వేసుకోవాలి. అయితే ఆమెను అక్కడే ఉంచి, చూసుకునే మనుషులు మారాలి. బావగారు రాలేకపోతే డబ్బు పంపాలి, ఆ డబ్బుతో వారానికి మూడు రాత్రులు ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న నమ్మకమైన ఆడమనిషి దొరుకుతుంది. రాత్రి పడుకోవడానికి ఇంత, పొద్దున స్నానానికి ఇంత అని ముందే మాట్లాడుకోండి. పగలు సాయం చేస్తామని చాలామంది అంటారు, మీరు రాత్రి సాయమే అడగండి.

మనిషి దొరికేలోగా రాత్రిళ్లను కొంత తేలిక చేసుకోవచ్చు. పొద్దున తొమ్మిదిలోపు ఆమెను అరగంట ఎండలో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం అరగంట కన్నా ఎక్కువ నిద్రపోనివ్వకండి. చేతికి పని ఇవ్వండి, చిక్కుడుకాయలు ఒలవడమో, బియ్యంలో రాళ్లు ఏరడమో. సరిగ్గా చేయకపోయినా ఫర్వాలేదు. మా అత్తమ్మ సాయంత్రమైతే ఖాళీ చేతులతోనే పత్తి ఏరుతున్నట్టు గాలిలో వేళ్లు ఆడించేది. ఒడిలో నిజంగా కాస్త పత్తి పెడితే గింజలు తీస్తూ గంటసేపు కూర్చునేది. నాలుగు దాటాక చాయ్ వద్దు. పడుకునే ముందు బాత్‌రూంకు తీసుకెళ్లండి, దారిలో చిన్న లైటు ఉంచండి. తలుపుకు మేక మెడలో కట్టే గంట కట్టండి. ఇది చిన్న సంగతి కాదు. ఆమె ఎప్పుడు లేస్తుందో అని చెవులు రిక్కించి పడుకున్నంత కాలం మీది నిద్ర కాదు. గంట మోగితేనే లేవాలి అని తెలిస్తే మీ ఒళ్లు మెల్లగా వదులవుతుంది. మీ ఫోన్ నంబరు ఆమె జాకెట్ లోపలి వైపు కుట్టించండి.

మెడికల్ షాపులోనో, ఆర్ఎంపీ దగ్గరో నిద్రబిళ్లలు తెచ్చి మాత్రం వేయకండి. ఈ జబ్బులో అవి తికమక పెంచుతాయి, రాత్రి లేచి పడిపోయి తుంటి ఎముక విరిగితే ఇక మంచమే. గొడవ తగ్గడానికి ఇచ్చే కొన్ని మానసిక మందులతో పెద్దవాళ్లలో పక్షవాతం ప్రమాదం ఉంది, అవి డాక్టర్ చూసి తక్కువ మోతాదులో, తక్కువ కాలానికి రాయాల్సినవి. ఇప్పుడు ఆమెకు వాడుతున్న మతిమరుపు మందు, డోనెపెజిల్, జబ్బును నయం చేయదు, కొందరికి కొంతకాలం తెలివిని నిలబెడుతుంది. నయం కాలేదని మీ సేవలో లోపం వెతుక్కోకండి.

ఆమె ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో బాగా చెడితే, గొడవ ఒక్కసారిగా పెరిగితే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో నొప్పి, తలకు దెబ్బ, ఇలాంటిదేదో ఉంటుంది. వెంటనే చూపించండి. నొప్పి సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. నల్గొండ జిల్లా మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిపోయిన పెద్దవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. అలాంటివాళ్లకు డిమెన్షియా వస్తే "నొప్పి" అని చెప్పలేరు, లేపబోయిన చేతిని కొడతారు. మీ అత్తమ్మ జుట్టు పట్టుకున్నది పక్కకు తిప్పినప్పుడే అని రాశారు. ఆమె భుజమో మోకాలో ఒకసారి డాక్టర్‌కు చూపించండి. బి12, థైరాయిడ్ పరీక్షలు రెండేళ్ల కింద చేయించకపోతే అవి కూడా. మహబూబ్‌నగర్ జనరల్ హాస్పిటల్లో సైకియాట్రీ విభాగం ఉంది, న్యూరాలజీ కావాలంటే పంజగుట్ట నిమ్స్. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమే కదా, మీకూ ఆమెకూ ఆధార్ కార్డు ఉంటే చాలు.

ఆమె మీద చేయి లేవబోతున్నట్టు మీకే ముందు తెలుస్తుంది. పళ్లు బిగుసుకుంటాయి, చెవులు వేడెక్కుతాయి. ఆ క్షణంలో పక్కబట్టలు తడిగా ఉన్నా వదిలేయండి. ఆమె పడిపోకుండా ఉందో లేదో చూసి, వాకిట్లోకి వచ్చి మొహం కడుక్కోండి. పది నిమిషాలు తడిలో ఉంటే ఏమీ కాదు. ఇది రోజూ జరుగుతుంటే, లేదా ఇద్దరం చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తుంటే, ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రోగి కోసమే కాదు, మీ కోసం కూడా చేయొచ్చు. పెద్దవాళ్ల విషయాలకు ఎల్డర్ లైన్ 14567 ఉంది. గోవాలో పెద్ద చదువులు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి, వాళ్లను డిమెన్షియా ఉన్న ఇళ్లకు పంపి, చూసుకునేవాళ్లతో మాట్లాడించారు. ఆరు నెలల్లో వాళ్ల మానసిక బాధ తగ్గిందని 2008లో ప్రచురించారు. జబ్బు తగ్గలేదు, ఇంటికొచ్చి వినే మనిషి దొరికింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు ప్రతి ఊళ్లో ఉండాలని నేను ఎన్నో మీటింగుల్లో అడిగాను, ఇంకా అడుగుతాను. అది వచ్చేలోగా మీ ఆశా కార్యకర్తను వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు కూర్చోమని అడగండి.

"బతికుండగానే ఆమె కోసం ఏడుపొస్తుంది, ఇది అపశకునమా" అన్నారు. కాదమ్మా. మీకు పెళ్లయిన కొత్తలో రొట్టెలు కొట్టడం నేర్పించిన అత్తమ్మ ఇప్పటికే లేదు. మనిషి ఎదురుగానే ఉంది కాబట్టి ఆ దుఃఖాన్ని ఎవరూ దుఃఖం అనరు, పరామర్శకు ఎవరూ రారు. మా అత్తమ్మది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు పల్లె, శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. పొద్దుగూకితే చాలు, బట్టల మూట కట్టుకుని "ఇంటికి పోదాం పా, అవ్వ ఎదురుచూస్తది" అనేది. ఆ ఊరు లేదని మొదట్లో చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అప్పుడే మొదటిసారి విన్నట్టు ఏడ్చేది. తర్వాత చెప్పడం మానేశాను. "బస్సు పొద్దున ఉందట అత్తమ్మా, మీ ఇంట్లో ఎన్ని చింతచెట్లుండె?" అని అడిగేదాన్ని. చెట్లు లెక్కపెడుతూ మూట పక్కన పెట్టేది. ఆమె పోయిన రోజు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఊపిరి. దానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. మీకూ ఒకరోజు అలా అనిపించొచ్చు, అప్పుడు సిగ్గుపడకండి అని ఇప్పుడే చెబుతున్నాను.

మీ పాప సంగతి ఒక్క మాట. నాయనమ్మ దగ్గర ఆ పిల్ల గంటసేపు కూర్చోవచ్చు, రాత్రి కాపలా మాత్రం పెట్టకండి. దాని పరీక్షలు దానివి.

ఈ శనివారం మీ ఆయన వస్తారన్నారు. ఆయనకు నేను రాసింది మొత్తం చదివి వినిపించండి. ఆ రాత్రి ఆయన్ని వాళ్లమ్మ పక్కన పడుకోమనండి. మీరు అదే ఇంట్లో పడుకుంటే గంట మోగగానే లేస్తారు, అది నాకు తెలుసు. పక్క వీధిలో మీ పెద్దమ్మ ఇల్లుందన్నారు కదా, అక్కడికి పోండి. పక్కబట్టలు ఎక్కడున్నాయో, ఏ బిళ్ల ఎప్పుడో కాగితం మీద రాసి పెట్టండి. ఫోన్ ఇంట్లోనే వదిలేసి పోండి. ఆదివారం ఎన్ని గంటలకు లేచారో నాకు రాయండి.